మూత మీద గీత

ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టింది. పెట్టిన చెయ్యి వెనక్కి రాకముందే మళ్ళీ తిప్పి చూసింది. ఏమీ లేదు. ఎందుకుంటుంది, ఆసుపత్రిలో మీటింగు నాలుగింటికి, దానికి వెళ్ళేముందు ఫోన్ చేసి మీ మాటేమిటో అడుగుతానని కసరత్తుల మేడం నిన్ననే చెప్పింది, ఇంకా బోలెడు టైముంది, అయినా చెయ్యి ఊరుకుంటేగా. కళ్ళని బలవంతాన తెరకి అప్పగించింది. తెర మీద ఓ మూల అంకెలు పెరుగుతున్నాయి. ఒక్కో అంకె ఒక్కో న్యూట్రాన్, గోడకి అవతల కాంక్రీటు దిమ్మెల మధ్య గొట్టంలోంచి వచ్చి, అరచేతిలో పట్టేంత అల్యూమినియం డబ్బాలో ఉన్న జెల్‌ని తాకి, పక్కకి చెదిరి, అర్ధచంద్రాకారంలో నిలబెట్టిన డిటెక్టర్లలో ఏదో ఒకదాన్ని చేరి హాజరు వేయించుకుని పోతోంది. తాకినచోట అణువు కదలకుండా ఉంటే న్యూట్రాన్ వచ్చిన వేగంతోనే పోతుంది. కదులుతూ ఉంటే కొంచెం వేగం పుంజుకునో, కొంచెం పోగొట్టుకునో పోతుంది. ఆ కొంచెం తేడాని పట్టుకుని, లోపల ఎవరు కదిలారో, ఎంత బద్ధకంగా కదిలారో చెప్పడమే ఆమె ఉద్యోగం. ఏదీ కదలకపోతే తెర మీద గీత సూదిలా నిటారుగా లేస్తుంది. కదిలితే ఆ సూది పాదాల దగ్గర గౌను అంచులా విచ్చుకుంటుంది. ఎన్నో నెలలు అర్జీలు పెట్టుకుంటే ఈ యంత్రం దగ్గర కాస్త టైము దొరికింది, దొరక్క దొరక్క ఇవాళే దొరకాలా, తమ్ముడు గుండ్రాయి సంగతి తేల్చే రోజే.

అమ్మకి ఈ ఉద్యోగం ఎన్నడూ అర్థం కాలేదు. కనబడనివాటిని తీసుకెళ్ళి కనబడనివాటి మీద విసిరి, ఏం కనబడిందో చెప్పినందుకు నీకు జీతమిస్తారా, వాళ్ళెంత మంచివాళ్ళే అంది ఓసారి. వెటకారం కాదు, నిజంగానే ఆ మంచివాళ్ళని తలుచుకుని మురిసిపోతూ అంది. కాలిన పుండ్ల మీద వేసే పట్టీ కోసమమ్మా అని చెప్పి చూసింది. జెల్ అంటే ఏముంది, చాలామటుకు నీళ్ళే, ఆ నీళ్ళలో పొడవాటి గొలుసుల్లాంటి అణువులు ఒకదాన్నొకటి అల్లుకుని ఉంటాయి, ఆ అల్లిక ఉండబట్టే నీళ్ళు కారిపోకుండా ముద్దగా నిలబడతాయి. ఆ గొలుసులు మెల్లిగా, నిద్రలో మనిషి ఒత్తిగిలినట్టు కదులుతాయి, వాటి కదలికని బట్టే పట్టీలో పెట్టిన మందు పుండులోకి దిగుతుంది. చిక్కల్లా నీళ్ళతోనే. న్యూట్రాన్‌కి హైడ్రోజన్ కంటబడిందంటే ఇక మిగతావేవీ ఆనవు, నీళ్ళ నిండా హైడ్రోజనే, పైగా నీళ్ళు ఒక్క క్షణం కుదురుగా ఉండే రకం కాదు. వాటి ఉరుకులాటలో పాపం గొలుసు ఏ మూల కదిలిందో ఎవరికీ తెలీదు. అందుకని మామూలు నీళ్ళు తీసేసి భారజలం పోస్తారు. చూడ్డానికీ ముట్టుకోడానికీ అవీ నీళ్ళే, కాకపోతే అందులో హైడ్రోజన్ స్థానంలో దాని బరువైన తోబుట్టువు ఉంటుంది, దాన్ని న్యూట్రాన్ పెద్దగా లెక్కచెయ్యదు. నీళ్ళు ఉన్నచోటే ఉంటాయి, గొలుసుల్ని తడుపుతూనే ఉంటాయి, గొడవ మాత్రం చెయ్యవు. ఇదంతా విని అమ్మ, అన్నం తిన్నావా అని అడిగింది.

కుదురంటే గుండ్రాయిదే కుదురు. తమ్ముడికి ఆ పేరు ఎవరు తగిలించారో గుర్తులేదు, ఎక్కడ పెడితే అక్కడే ఉంటాడని ఇంట్లో అందరూ అదే పిలిచేవాళ్ళు. దాగుడుమూతలాటలో మెట్ల కింద చీపుళ్ళ వెనకో, బీరువాకీ గోడకీ మధ్యనో దూరాడంటే ఇక అంతే సంగతులు. అందరూ దొరికిపోయి, ఆట ముగిసి, ఇంకో ఆట మొదలై అదీ ముగిసినా వాడు బయటికి వచ్చేవాడు కాదు, నన్నింకా ఎవరూ కనుక్కోలేదుగా అనేవాడు తర్వాత అడిగితే. అమ్మకి కంగారు. ఇల్లంతా కలయతిరుగుతూ, మంచాలు జరుపుతూ, నాన్నా ఎక్కడున్నావురా అని పిలుస్తూ, పక్కవాటాలోవాళ్ళని కూడా పోగేసేది, అంతమంది అన్ని వైపులా వెతుకుతుంటే దొరికేవాడేనా. కిటుకు అక్కకొక్కదానికే తెలుసు. అందర్నీ వీధిలోకి తరిమి, తలుపేసి, గది మధ్యలో ఊపిరి బిగబట్టి నిలబడేది. చాలాసేపు ఏమీ ఉండేది కాదు. ఆ తర్వాత ఎక్కడో చిన్న గీరుడు, దురద పుట్టిన మోకాలు గోక్కున్న చప్పుడు. దొరికావురా గుండ్రాయ్ అంటే పళ్ళికిలిస్తూ బయటికొచ్చేవాడు, ఓడిపోయానన్న బాధ వాడి మొహంలో ఉండేదే కాదు. పెద్దయ్యాక కూడా కూర్చున్నచోటినుంచి కదలక్కర్లేని పనే వెతుక్కున్నాడు, దర్జీ అయ్యాడు. మాటలు తక్కువ, వేళ్ళకే పని. ఎవరి బట్టలు దగ్గరికొచ్చినా అంచు అందుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూసేవాడు, కిటికీ తెరలైనా సరే, రైల్లో ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి చొక్కా చెయ్యైనా సరే. అదేం అలవాటురా, తన్నులు తింటావు అని అమ్మ తిట్టేది. పైచదువుకి వెళ్ళిన అక్క కొత్త కోటు వేసుకుని చాన్నాళ్ళకి గుమ్మంలో నిలబడితే, ఎలా ఉన్నావని అడక్కుండా కోటు అంచు పట్టుకుని, ఎవడే ఇది కుట్టింది, వాడిచేత మళ్ళీ విప్పించాలి అన్నాడు. ఆ కోటు ఇప్పుడామె కుర్చీ వీపుకి తగిలించి ఉంది, వాడు విప్పి మళ్ళీ కుట్టిన అంచుతో.

వానకి తడిసిన మలుపులో స్కూటరు జారింది. ఎదురుగా బండి లేదు, తాగినవాడు లేడు, కసిదీరా తిట్టుకోవడానికి ఒక్కడంటే ఒక్కడు లేడు. తలకి దెబ్బ. ప్రాణం నిలిచింది, కళ్ళు తెరిచాడు, నోట్లో పెట్టింది మింగుతున్నాడు, అక్కడితో ఆగిపోయాడు. లోపల దారులన్నీ మూసుకుపోలేదు, మళ్ళీ నేర్చుకోవాలంతే, అని పెద్ద డాక్టరు చెప్పి కసరత్తుల వార్డుకి పంపాడు. ఆ వార్డులో మంచాలు తక్కువ, ఎదురుచూసేవాళ్ళు ఎక్కువ. రోగి తన ఇష్టంతో చేసిన కదలిక ఒక్కటి, చిన్నదైనా సరే, కనబడితే ఉంచుకుంటారు. లేకపోతే ఇంటికి తీసుకెళ్ళి చూసుకోమంటారు, అప్పుడిక కసరత్తులూ ఉండవు, నేర్చుకోవడమూ ఉండదు. రోజూ ఆ మేడం వచ్చి, చెయ్యెత్తండి అంటుంది. అనడమే తరువాయి, అమ్మ లేచి మంచం దగ్గరికొచ్చేస్తుంది, ఎత్తు నాన్నా, మేడం అడుగుతోంది కదా, ఎత్తు, అదిగో ఎత్తాడు అంటూ తన చేత్తో వాడి చెయ్యెత్తి చూపిస్తుంది. దాహమేస్తుందేమోనని చెంచాతో నీళ్ళు, చెమట పడుతుందేమోనని తువ్వాలు, జారకముందే దుప్పటి సర్దడం. పొద్దున నా వేలు పట్టుకున్నాడు, నిన్న నన్ను చూసి నవ్వాడు, ఇందాక గొంతు సవరించుకున్నాడు, అమ్మ దగ్గర ఎప్పుడూ ఏదో ఒక కబురుంటుంది. వార్డులోవాళ్ళు అలాగా అమ్మా అంటారు, రాసుకోరు. ఆమె కూడా అలాగా అమ్మా అనడం నేర్చుకుంది. నిన్న వరండాలో కసరత్తుల మేడం గొంతు తగ్గించి, అమ్మగారు చెప్పేవేవీ మాకు కనబడలేదు మేడమ్, మేమూ ఎంతో చూశాం, ఇంకో కుటుంబం ఎదురుచూస్తోంది, మీరు సరేనంటే అమ్మగారికి నచ్చజెప్పడం తేలికవుతుంది అంది. మంచి మనిషి, ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళలోకి చూడలేకపోయింది. తను రాత్రంతా దొర్లి దొర్లి చివరికి సరే అనాలనే తీర్మానించుకుంది. ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవడమే కదా తను చేసే పని. సరే మేడమ్, ఇంటికి తీసుకెళ్తాం. బస్సులో ఆ మాట పెదాలు కదపకుండా ఎన్నోసార్లు అనుకుని చూసుకుంది, అన్నిసార్లూ మధ్యలోనే ఆపి మళ్ళీ మొదలుపెట్టింది.

గుత్తి చప్పుడు చేసుకుంటూ తాళాలాయన వచ్చి వెనక నిలబడ్డాడు. యంత్రాన్ని చూసుకునే మనిషి, రిటైర్మెంటుకి దగ్గరపడ్డాడు, డబ్బా ఉన్న గది తలుపు తెరవాలన్నా మూయాలన్నా ఆయన తాళంచెవి పడాల్సిందే, అందుకని హాలంతా ఆ పేరే. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని తెర చూశాడు.

"ఏమ్మా, గొలుసులు చూపిస్తానన్నావు, ఇక్కడ అన్నీ నీళ్ళే కనబడుతున్నాయి."

అప్పుడు చూసింది, అంటే ఇంతసేపూ చూస్తున్నదాన్నే చూసింది. సూది లేదు, గౌనూ లేదు, నీళ్ళ ఉరుకులాట ఈ కొసనుంచి ఆ కొసదాకా గుట్టలా పరుచుకుని ఉంది. అంకెలు కూడా పెరగాల్సినదానికన్నా ఎంతో వేగంగా పెరుగుతున్నాయి. భారజలం ఇంత హడావిడి చెయ్యదు. లోపల ఉన్నవి మామూలు నీళ్ళు. డబ్బా మారిపోయింది, రెండు గీతలు గీసిన డబ్బానే కదా తను స్వయంగా యంత్రంలోకి దించే కడ్డీకి బిగించింది, మామూలు నీళ్ళదానికి ఒక గీత, భారజలానికి రెండు, పొరపాటు ఎలా జరుగుతుంది. పొద్దున్నుంచీ చేసిన పనులన్నీ వెనక్కి తిప్పుకుంటూ పోయింది. డబ్బా గోడలు కాగితమంత పల్చన, వాటి మీద గీస్తే చిల్లులు పడతాయని మూతల మీద గీసింది. మూతకీ డబ్బాకీ మధ్య వెన్నంత మెత్తని లోహపు తీగ చుట్టి మరలు బిగించాలి, తీగ ఒకచోట చిట్లింది, ఎందుకైనా మంచిదని రెండు మూతలూ విప్పి పక్కన పెట్టి కొత్త తీగ కత్తిరించింది. అప్పుడే అమ్మ ఫోన్, చేతులకి తొడుగులు, మోచేత్తో స్పీకరు నొక్కింది. పొద్దున వాడి కళ్ళు నాకోసం వెతికాయే, నేను గిన్నె కడగడానికి ఇలా పక్కకెళ్ళానో లేదో, అంటోంది అమ్మ. ఊ, ఊ, అంటూ తను మూతలు పెట్టేసింది, దీనిది దానికీ, దానిది దీనికీ. గీతలు మూతలతోపాటు పోయాయి, నీళ్ళు డబ్బాల్లోనే ఉండిపోయాయి.

"మూతలు మార్చేశాను సార్" అంది. మొహం కాలినట్టయింది.

"పోనీలే, ముద్ద పారేసుకోలేదు కదా" అన్నాడు తాళాలాయన. "నేనైతే ఒకసారి ఖాళీ డబ్బా పెట్టి రెండు రోజులు కొలిచాను. దాని గురించి ఓ సిద్ధాంతం కూడా చెప్పాను."

న్యూట్రాన్ల కిరణం ఆపారు, ఎర్రదీపం ఆరింది, తాళంచెవి తిరిగింది. కడ్డీ పైకొచ్చింది. బయటికి తీసిన అల్యూమినియాన్ని వెంటనే ముట్టుకోకూడదు, కిరణం తాలూకు రేడియేషన్ దాంట్లో కాసేపుంటుంది, ఆయన మీటరు పట్టుకుని నిలబడ్డాడు, మీటరు టకటకమంటోంది, అది సద్దుమణిగేదాకా ఆగాలి. ఆమె ఆగింది. చేతులు కట్టుకుని ఆగింది. ఇంతసేపూ జెల్ లోపల గొలుసులు కదులుతూనే ఉన్నాయి కదా, ఈ డబ్బాలోవి కూడా, తెర మీద లేనంతమాత్రాన లేకపోలేదు కదా, ఈ మాట తరగతిలో కుర్రాళ్ళకి చెప్పి చెప్పి నోరు అరిగిపోయింది కదా. అమ్మ గిన్నె కడగడానికి పక్కకెళ్ళింది. వాడి కళ్ళు వెతికాయంది. పొద్దున తను ఊ అంది గానీ వినలేదు. ఇన్ని నెలల్లో అమ్మ ఆ గదిలో లేని క్షణాలు ఎన్ని, గిన్నె కడిగినంతసేపు, అంతే. వాడు చెయ్యెత్తాలనుకునేలోపే చెయ్యి లేస్తుంది, దుప్పటి జారిందని వాడికి తెలిసేలోపే మళ్ళీ మీదికొచ్చేస్తుంది, దాహం పుట్టకముందే నీళ్ళు. గుండ్రాయి నిదానం ఎలాంటిదో అమ్మకి తెలీదా, కంగారులో మర్చిపోయిందా, తనకి తెలుసు కదా, ఇల్లంతా ఖాళీ చేసి నిలబడింది తనే కదా, తనెలా మర్చిపోయింది. మీటరు ఇంకా టకటకమంటూనే ఉంది. జేబులోంచి ఫోన్ తీసింది.

కసరత్తుల మేడం మొదటి మోతకే ఎత్తి, మీటింగుకి బయల్దేరబోతున్నాను మేడమ్, సరేనా మరి అంది.

"ఒక్క పని చెయ్యండి. అమ్మని బయట కూర్చోబెట్టండి. మీరు వాడినేమీ అడక్కండి, ఏమీ చెప్పకండి. ఓ మూల కూర్చుని ఊరికే చూడండి."

"ఎంతసేపు?"

"మీకు విసుగొచ్చేదాకా. వచ్చాక ఇంకాసేపు."

అవతల నిట్టూర్పు. "మీటింగులో మీ తమ్ముడి పేరు చివర్లో పెట్టమంటాను. కానీ అమ్మగారు కదలరండీ."

"ఆవిడకివ్వండి."

అమ్మ ఫోన్ అందుకుంటూనే, ఏమిటే ఇది, నేను లేకపోతే వాడు బెంగపడతాడు, నీకు తెలీదు అంది. తెలుసమ్మా, ఒక్కసారి వరండాలో కూర్చో అంది ఆమె. నేను అడ్డమా అంది అమ్మ. అడగడం కూడా చిన్నగా అడిగింది, అమ్మకి అంత చిన్న గొంతు ఉందని ఆమెకి తెలీదు. ఏం చెప్పాలి. నీళ్ళు తీసేస్తే జెల్ ఏమవుతుందో ఆమెకన్నా బాగా ఎవరికి తెలుసు, ఎండి అట్టముక్కవుతుంది, ఇన్నాళ్ళూ వాణ్ణి మనిషిగా నిలిపి ఉంచింది ఈ తడే కదా, చెంచాతో నీళ్ళు, తువ్వాలు, నాన్నా నాన్నా అన్న పిలుపు. డబ్బాలోనైతే భారజలం పోయొచ్చు. అమ్మకి బదులు గొడవ చెయ్యని అమ్మని ఎక్కడ తేవడం, తెచ్చినా ఆ అమ్మ ఎవరికి కావాలి.

"అడ్డం కాదమ్మా. నువ్వుంటే వాడికి తను చెయ్యాల్సిన అవసరం రావట్లేదు. నా కోసం ఒక్కసారి."

కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు మూసుకున్న చప్పుడు వినబడ్డాయి. మీటరు కూడా ఎప్పుడో సద్దుమణిగింది. తాళాలాయన ఏమీ అడక్కుండా పాత డబ్బా తీసి, ఒక్క గీతదాన్ని చేతికిచ్చాడు. ఆమె దాన్ని కడ్డీకి బిగిస్తుంటే రెండు మరలు జారి కిందపడ్డాయి, ఆయన వంగి వెతికి తెచ్చాడు. తలుపు, తాళంచెవి, ఎర్రదీపం. తెర మీద అంకెలు మళ్ళీ మొదటికొచ్చి, ఈసారి నింపాదిగా ఒకటొకటిగా పెరుగుతున్నాయి. ఇంత నిదానమా అనిపించింది, ఇందాకటి హడావిడికి కళ్ళు అలవాటు పడిపోయాయి మరి. గీత లేచింది, సూదిలా. చుట్టూ ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. వార్డులో ఆ మూల కుర్చీలో ఆ మనిషికి ఇప్పటికే విసుగొచ్చి ఉంటుంది, వాచీ చూసుకుంటూ ఉంటుంది, పాపం ఎంతమందిని చూడాలో. వరండాలో బల్ల మీద అమ్మ, ఒళ్ళో చేతులు, ఆ చేతులకి ఏ పనీ లేదు. ఏమీ కనబడకపోతే అమ్మని ఊరికే బాధపెట్టినట్టే, అప్పుడా మాట అననే అనాలి, సరే మేడమ్, ఇంటికి తీసుకెళ్తాం. కుర్చీకున్న కోటు అంచు ఎప్పుడు చేతిలోకి తీసుకుందో, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతూ కూర్చుంది.

"వచ్చిందమ్మా" అన్నాడు తాళాలాయన మెల్లిగా, తెర మీద సూది పాదం దగ్గర వేలు పెట్టి. ఎడమపక్క కొంచెం, కుడిపక్క కొంచెం, గౌను అంచు విచ్చుకుంటోంది. అవునండీ అంది ఆమె. అంది గానీ తెర అలుక్కుపోయినట్టుంది, సరిగ్గా కనబడలేదు. అప్పుడే ఫోన్ మోగింది.

కసరత్తుల మేడం గుసగుసలాడుతోంది, ఇంకా గదిలోనే ఉన్నట్టుంది. "చాలాసేపు ఏమీ లేదు మేడమ్. లేచిపోదామనుకున్నాను. ఇప్పుడు కుడిచేతి వేళ్ళు రెండు దుప్పటి కొస పట్టుకుని నలుపుతున్నాయి. ఆగి, మళ్ళీ. కానీ ఇలాంటివి ఒక్కోసారి ఊరికే కూడా వస్తుంటాయి, కావాలని చేసేది కాకపోవచ్చు. ఏమని రాయను?"

"మధ్యలో నలుపుతున్నాడా, అంచునా?"

"అంచునే."

"అది మెల్లిగా లాగేసి ఇంకేదైనా పెట్టండి, మీ దగ్గరున్న ఏ గుడ్డైనా. మధ్యభాగం చేతిలో పెట్టండి. అంచు వాడికి దూరంగా ఉండాలి."

కుర్చీ కిర్రుమంది. ఆ తర్వాత ఆవిడ ఊపిరి తప్ప ఇంకేమీ వినబడలేదు. ఆమె ఫోన్ చెవికి అదుముకుని, చిన్నప్పుడు గది మధ్యలో నిలబడినట్టే నిలబడింది. హాల్లో ఎవరో నవ్వుతూ పోయారు. పంపు ఆగి, మళ్ళీ మొదలైంది. వాడికి తొందరేమీ లేదు, ఎప్పుడుందని.

"నా తువ్వాలు" అంది కసరత్తుల మేడం. "వేళ్ళు దాని మీద జరుగుతూ జరుగుతూ పోయి అంచు దగ్గర ఆగాయి. నలుపుతున్నారు. మేడమ్, ఇది వెతకడమే. ఇది నేను రాస్తాను. మంచం మీ తమ్ముడిదే."

అమ్మకివ్వండి అంది ఆమె. తలుపు చప్పుడు, వరండాలో ట్రాలీ చక్రాల చప్పుడు, తర్వాత అమ్మ ఊపిరి. జరిగింది రెండు ముక్కల్లో చెప్పింది.

"ఏ చెయ్యి?" అంది అమ్మ.

"కుడిచెయ్యి."

"కుట్టు చూస్తున్నాడే." అమ్మ ముక్కు చీదుకుంది, ఏదో సర్దుకుంది. లోపలికి వెళ్ళమ్మా, వెళ్ళి చూసుకో అని ఆమె అంటూనే ఉంది.

"వద్దులే" అంది అమ్మ. "ఆ మేడంతో చెప్పు, నేనింకాసేపు బయటే కూర్చుంటానని."